తాత బాకా పేరు హెలికాన్ అంట, అది గ్రీసులో కొండ పేరు కూడానా?

కావలి పూలబ్బాయి:

అందరికీ నమస్తే. నాది కావలి. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పూల డెకరేషన్ చేస్తుంటాను. ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక కథ కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మా తాతకి బ్యాండు మేళం ఉండేది. పన్నెండు మంది మనుషులు. అల్లూరు, కందుకూరు, సింగరాయకొండ, ఎక్కడ పెళ్ళైనా సైకిళ్ళ మీదా బస్సు టాపు మీదా సామానేసుకుని పోయేవాళ్ళు. క్లారినెట్టుకీ డ్రమ్ములకీ మనుషులు దొరికేవాళ్ళు గానీ పెద్ద బాకా మాత్రం తాతే మొయ్యాల్సి వచ్చేది. లావుపాటి ఇత్తడి గొట్టం గుండ్రంగా చుట్ట తిరిగి ఉంటుంది. అందులోంచి తల, కుడి చెయ్యి దూర్చి ఎడమ భుజం మీద ఆనించుకోవాలి. అది పాట పలకదు, పాట కింద భోం భోం అని దరువు పలుకుతుంది. అది లేకపోతే మేళం గాలికి తేలిపోయినట్టుంటుందని తాత అనేవాడు. మా జేజి దాన్ని ‘కొండచిలవ’ అంటుంది. "మీ తాతని ఆ కొండచిలవ చుట్టుకున్న రోజున మనింట్లో బియ్యం ఉండేవి" అని ఇప్పటికీ చెప్తుంటుంది.

తాత పోయాక మేళం చెదిరిపోయింది. చిన్న వాయిద్యాలు ఎవరెవరో పట్టుకుపోయారు, ఇదొక్కటి అటక మీద గోనెపట్టాలో ఉండిపోయింది. పోయిన నెల బాబాయి స్లాబు రిపేరు పెట్టుకుని అటక ఖాళీ చేయించాడు. పాత సామాన్లాయన వచ్చి కాటా పెడితే పదకొండు కిలోలు తూగింది. "ఇత్తడి రేటు బాగుందిరా, ఇచ్చేద్దాం" అన్నాడు బాబాయి. రెండు రోజులు ఆగమన్నాను.

ఎందుకంటే ఆ గోనెపట్టాలోనే తాత లెక్కల పుస్తకం దొరికింది. ఒక పేజీలో ‘హెలికాను మాటు కూలి’ అని ఉంది. ఇంకో పేజీలో ‘హెలికానుకు లగేజీ టిక్కెట్టు’ అని ఉంది. కండక్టరు బాకాకి కూడా టిక్కెట్టు కొట్టాడన్నమాట. దానికో పేరుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రమే బెంగుళూరు నుంచి పూల పెట్టెలు దిగాయి. ఒక పెట్టె మీద ‘హెలికోనియా’ అని రాసుంది. ఎర్రగా చిలక ముక్కుల్లాగా వరసగా ఉంటాయే, స్టేజీ వెనక గుచ్చుతాం, ఆ పూలు. ఐదేళ్ళుగా గుచ్చుతున్నాను గానీ ఆ పేరు ఏనాడూ పట్టించుకోలేదు. మా అక్క కూతురు ఫోన్లో చూసి "మామా, హెలికాన్ అంటే గ్రీసులో ఒక కొండ, పాటల దేవతలు ఉండే కొండ" అంది.

ఒక కొండ పేరు బాకాకీ పూవుకీ ఎట్టా పాకింది? ఆ కొండ మన పెంచలకోన లాగా జనం పోయి మొక్కుకునేదా, ఉత్త కథల్లో కొండా? తెలిసినవాళ్ళు చెప్పండి. బాబాయికి ఏదో ఒకటి చెప్పాలి, బాకా ఇంకా వరండాలోనే ఉంది.

సింగరాయకొండ ఎక్స్‌ప్రెస్:

సింపుల్ బ్రో. గ్రీకులో హీలియోస్ అంటే సూర్యుడు. హీలియం, హెలికాప్టర్ అన్నీ దాంట్లోంచే. హెలికాన్ అంటే సూర్యుడి కొండ. జియస్ దేవుడు ఉండేది అక్కడే, ఒలింపిక్స్ మొదలైంది కూడా ఆ కొండ మీదే. బాకా కిలోల లెక్కన అమ్మకు, ఆన్‌లైన్లో యాంటిక్ అని పెట్టు.

మూలాపేట మాస్టారు:

ఎక్స్‌ప్రెస్ గారూ, మీరు ఒక్క స్టేషన్లోనూ ఆగకుండా పోయారు. మీ జాబితాలో హీలియం ఒక్కటే సరిగ్గా దిగింది.

గ్రీకులో మనకి లాగే ఎ వేరు, ఏ వేరు. రెండింటికీ రెండు అక్షరాలు. సూర్యుడి పేరు దీర్ఘంతో మొదలవుతుంది, హేలియోస్. కొండ పేరు హ్రస్వంతో మొదలవుతుంది, హెలికోన్. ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే రెండూ ఒకేలా కనపడి మనిషిని తికమక పెడతాయి. సంస్కృతంలో హ్రస్వ ఎకారమే లేదు. తెలుగులో మాత్రం ‘వెల’కీ ‘వేల’కీ తేడా ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. నలభై ఏళ్ళు గుణింతాలు దిద్దించినవాణ్ణి, ఇలాంటిచోట కొంచెం గర్వపడనివ్వండి.

హెలికాప్టర్‌లో ఉన్నది కూడా హ్రస్వమే. ‘హెలిక్స్’ అంటే మెలిక, చుట్ట. ‘ప్తెరోన్’ అంటే రెక్క. సూర్యుడికీ దానికీ సంబంధం లేదు. జియస్ ఉండేది ఒలింపస్ మీద, అది ఉత్తరాన ఉంది, 2,917 మీటర్లు. ఒలింపిక్స్ జరిగింది ఒలింపియాలో. అది దక్షిణాన, ఎక్కడో దూరాన ఉన్న ఊరు.

ఇక హెలికాన్ కొండ. ఏథెన్స్‌కి వాయవ్యంగా బియోషియా అనే ప్రాంతంలో, కొరింత్ సింధుశాఖకి దగ్గర్లో ఉంది. ఎత్తు దాదాపు 1,750 మీటర్లు, మన వెలిగొండలకన్నా ఎత్తే. కథల్లో కొండ కాదు, ఇవాళ కూడా పోయి ఎక్కి రావచ్చు. దానికి పడమట ఉన్న పర్నాసస్ ఇంకా ఎత్తు. కవిత్వానికి కొండ ఏదంటే యూరప్ కవులు ఈ రెండింట్లో ఏదో ఒకటి చెప్తారు. పర్నాసస్‌కి పక్కనే డెల్ఫీ ఉంది, అపోలో గుడి, సోదె, రాజుల రాకపోకలు, ఆ ఆర్భాటమంతా దానిది. హెలికాన్ గొర్రెలకాపరుల కొండ. నాకు ఇదే ఇష్టం.

పాటల దేవతలంటే మ్యూజ్‌లు. జియస్‌కీ, జ్ఞాపకశక్తికి దేవత అయిన నెమోసినీకీ పుట్టిన తొమ్మిది మంది అక్కచెల్లెళ్ళు. మనం రోజూ అనే మ్యూజిక్, మ్యూజియం వాళ్ళ పేరులోంచి వచ్చినవే. రెండో శతాబ్దంలో ఆ కొండకి పోయి చూసి రాసిన పాసేనియస్ అనే యాత్రికుడు ఇంకో మాట చెప్పాడు. మొదట్లో అక్కడ తొమ్మిది మంది కాదట, ముగ్గురేనట. వాళ్ళ పేర్లకి అర్థాలు సాధన, జ్ఞాపకం, పాట. మీ తాతగారి మేళంలో చేరడానికి వచ్చిన కుర్రాడికి కూడా ఆ మూడే కదా కావలసింది.

క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో హెసియడ్ అనే కవి ఆ కొండ కింద గొర్రెలు కాసుకుంటుంటే మ్యూజ్‌లు కనపడ్డారని ఆయనే చెప్పుకున్నాడు. రాగానే వరమివ్వలేదు, ముందు తిట్టారు. పొట్టలు తప్ప ఇంకేమీ లేని కాపరులు అన్నారు. మేము నిజంలాంటి అబద్ధాలు బోలెడు చెప్పగలం, తలుచుకుంటే నిజమూ చెప్పగలం అన్నారు. ఆ తర్వాత ఒక కొమ్మ విరిచి కర్రగా చేతికిచ్చి, ఆయనలోకి గొంతు ఊదారు. ఆయన దేవతల పుట్టుక గురించి రాసిన కావ్యం ఈ కొండ మ్యూజ్‌ల పేరుతోనే మొదలవుతుంది. మనవాళ్ళ ఇష్టదేవతా స్తుతి లాంటిదే, ఈయనది నూరు పాదాలు దాటుతుంది.

మొక్కుకునే కొండేనా అని అడిగారు. అవును. కొండ కింద మ్యూజ్‌ల లోయ ఉంది. పక్కన థెస్పియా అనే ఊరివాళ్ళు అక్కడ ఉత్సవాలు చేసి పాటల పోటీలు పెట్టేవాళ్ళు. విగ్రహాలుండేవి, నాటకాలకి అరుగులుండేవి. తర్వాత కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆ మ్యూజ్ విగ్రహాలను తన కొత్త రాజధానికి పట్టుకుపోయాడు. పాసేనియస్ చూసినప్పటికి మాత్రం అన్నీ ఉన్నాయి. ఆ కొండ మీద ఏ ఆకూ వేరూ మనిషికి విషం కాదనీ, పాముల విషం కూడా అక్కడ వాడి తగ్గుతుందనీ రాశాడు. ఏ కొండకైనా ఇలాంటి మహత్యం ఒకటి చెప్పుకోకుండా ఉండరు కదా.

రాపూరు పిన్నమ్మ:

మాస్టారూ, హెలికోన్ అంటే చివర ‘కోన’ ఉందే! పెంచలకోన, భైరవకోన, హెలికోన. నవ్వుకుంటూనే అడుగుతున్నాను, అసలు ఆ పేరుకి అర్థం ఏంటండీ?

మూలాపేట మాస్టారు:

అమ్మా, ఆ కోనకీ మన కోనకీ చుట్టరికం లేదు, వినసొంపు ఒక్కటే. పేరు గురించి పండితులది రెండు దారులు. మెలికలు తిరిగిన కొండ అని కొందరు. ‘హెలికే’ అంటే ఒక రకం నీటి ఒడ్డు చెట్టు, విల్లో అంటారు, ఆ చెట్లున్న కొండ అని కొందరు. కొమ్మ సులువుగా వంగి మెలి తిరుగుతుంది కాబట్టే చెట్టుకీ ఆ పేరు వచ్చిందంటే రెండు దారులూ ఒక దగ్గరే కలుస్తాయి.

మీరు రాపూరు వాళ్ళు కాబట్టి ఇంకోటి గుర్తొస్తోంది. పెంచలకోన పేరు గురించి మనవాళ్ళు చెప్పేది ఏమిటి? స్వామి రెండు రాళ్ళు పెనవేసుకున్నట్టు వెలిశాడు, అందుకని పెనుశిల, పెంచల అని. కణ్వ మహర్షి తపస్సు చేశాడు కాబట్టి ఏరు కణ్వలేరు, జనం నోట్లో కండలేరు. పెనవేసుకున్న శిల, మెలి తిరిగిన కొండ, పక్కనే ఒక నీటి పేరు. చుట్టరికం లేకపోయినా మనుషులు కొండకి పేరు పెట్టే తీరు మాత్రం ఒకటే అనిపిస్తుంది.

హెలికాన్ నీటి కథ కూడా వినండి. పియరస్ అనే రాజుకి తొమ్మిది మంది కూతుళ్ళు. మేమూ తొమ్మండుగురమే, మీకన్నా బాగా పాడతాం అని మ్యూజ్‌లతో పందెం కట్టారు. వాళ్ళు పాడితే లోకం చీకటి పడిందట. మ్యూజ్‌లు పాడేసరికి ఆకాశం, చుక్కలు, సముద్రం అన్నీ కదలకుండా నిలబడ్డాయి. హెలికాన్ కొండ సంతోషం పట్టలేక ఆకాశం దాకా ఉబ్బిపోసాగింది. సముద్ర దేవుడి మాట మీద పెగసస్ అనే రెక్కల గుర్రం వచ్చి డెక్కతో శిఖరాన్ని తన్నితే కొండ ఆగింది. తన్నిన చోట ఊట పుట్టింది. దాని పేరు హిప్పోక్రెనీ, అంటే గుర్రపు ఊట. ఆ నీళ్ళు తాగినవాడికి కవిత్వం వస్తుందని నమ్మకం. మన వింధ్యకూ ఇదే జబ్బు. కాకపోతే వింధ్య పొగరుతో పెరిగితే అగస్త్యుడు వంచాడు, ఇది పాట విని పెరిగింది.

ఆ ఊట ఎంత పేరు తెచ్చుకుందంటే, కొన్ని శతాబ్దాల తర్వాత ఇంగ్లీషు కవి చాసర్ హెలికాన్ అంటే కొండ అనే సంగతే మరిచి, అదొక తేట నీటి బావి అన్నట్టు రాసేశాడు. దాన్ని పర్నాసస్ మీద పెట్టాడు కూడా. 1600లో లండన్‌లో పల్లె పాటల సంకలనం ఒకటి వస్తే దానికి ‘ఇంగ్లండు హెలికాన్’ అని పేరు పెట్టుకున్నారు. అప్పటికి ఆ మాట కొండా కాదు, ఊటా కాదు, కవిత్వం దొరికే చోటు అనే అర్థానికి వచ్చేసింది.

ఒంగోలు బ్యాండు:

మాది మేళమే అన్నా, ముప్పై ఏళ్ళుగా. కొండ సంగతి మాస్టారు చెప్పారు, బాకా సంగతి నేను చెప్తా.

ముందు నీ దగ్గరున్నది నిజంగా హెలికానేనా, సూసాఫోనా చూడు. రెండూ ఒంటికి చుట్టుకునేవే. మా దగ్గర ఉన్నది సూసాఫోన్, మేమంతా ‘బేస్’ అనే అంటాం. తేడా నోటి దగ్గర ఉంటుంది. హెలికాన్‌కి గరాటు నోరు భుజం మీద నుంచి పక్కకి తిరిగి ఉంటుంది, మరీ పెద్దది కాదు, గొట్టానికి అతికే ఉంటుంది. సూసాఫోన్ నోరు అన్నం గంపంత ఉంటుంది, తల మీదుగా ముందుకి చూస్తుంది, మరలు తిప్పితే ఊడి వస్తుంది. బస్సెక్కించాలంటే ఊడదీసే మోస్తాం.

హెలికాన్ ముందు పుట్టింది. 1840ల చివర వియన్నాలో స్టోవాసర్ అనే ఆయన చేశాడు. అంతకుముందు బేస్ బాకాని ఒళ్ళో పెట్టుకుని ఊదాలి. నడిచే సిపాయికీ గుర్రమెక్కిన సిపాయికీ అది కుదరదు. గొట్టాన్ని చుట్ట చుట్టి భుజానికి వేస్తే బరువంతా భుజం మీద పడి చేతులు తేలికవుతాయి. చుట్ట కాబట్టి హెలిక్స్, పాటల కొండ పేరు కూడా అదే కాబట్టి అమ్మేవాడికి కలిసొచ్చింది. నేనైతే రెండూ కరెక్టే అంటా.

తర్వాత అమెరికాలో సూసా అని బ్యాండు మాస్టరు, మిలిటరీ బ్యాండ్ నడిపినాయన. హెలికాన్ మోత ఒక పక్కకే కొడుతోందని ఆయనకి నచ్చలేదు. నోరు పైకి తిప్పి చెయ్యమన్నాడు, శబ్దం మేళమంతటి మీదా పడాలని. 1893 ప్రాంతంలో పెప్పర్ అనే కంపెనీవాళ్ళు చేసిచ్చారు. నోరు ఆకాశం వైపు ఉండేసరికి దానికి ‘వాన పట్టేది’ అని ఎగతాళి పేరొచ్చింది. నోరు ముందుకి తిప్పింది ఆ తర్వాత. అంటే ఒక బాకాకి కొండ పేరు, ఇంకోదానికి మనిషి పేరు.

మాటు ఎక్కడ వేశారో కూడా చూసి చెప్పు. మెలిక దగ్గరైతే పర్లేదు, మీటల దగ్గరైతే గాలి పోతుంది.

కనిగిరి మెట్ట:

బాకాలు నాకు తెలీవు గానీ మాస్టారూ, ఆ గొర్రెలు కాసిన కవి సంగతి ఇంకొంచెం చెప్పండి. కొండ పక్క ఊరు, గొర్రెలు అంటే మా ఊరే అనిపించింది.

మూలాపేట మాస్టారు:

మీ ఊరేనండి. వాళ్ళ నాయన సముద్రానికి అవతల, ఇప్పటి టర్కీ తీరంలో కైమీ అనే ఊరి నుంచి వచ్చాడు. ఉన్న డబ్బు నుంచి పారిపోలేదు, లేమి నుంచి పారిపోయి వచ్చాడు అని కొడుకే వెటకారంగా రాశాడు. వచ్చి హెలికాన్ కింద ఆస్క్రా అనే పల్లెలో పడ్డాడు. ఆ ఊరు చలికాలంలో చెడ్డది, ఎండాకాలంలో కష్టం, ఏ కాలంలోనూ బాగుండదు అని ఇంకో వెటకారం. పాటల దేవతల కొండ పక్కన ఉండికూడా సొంత ఊరిని ఇంత బాగా తిట్టుకున్న కవి ఇంకొకడు లేడేమో.

తమ్ముడు పెర్సెస్‌తో ఆస్తి తగాదా కూడా ఉంది. తమ్ముడు కానుకలు మింగే పెద్దమనుషుల్ని పట్టుకుని ఎక్కువ భాగం కొట్టేశాడు. దాంతో ఆయన తమ్ముడికి బుద్ధి చెప్తున్నట్టుగా సేద్యం మీద ఒక కావ్యమే రాశాడు. కృత్తికలు నలభై రోజులు కనపడకుండా పోతాయి, మళ్ళీ తూర్పున పొడిచేటప్పుడు కొడవలి పట్టు, అవి కుంగేటప్పుడు నాగలి కట్టు అంటాడు. అవి పొడిచేది మే నెలలో. వాళ్ళది చలికాలపు వానల మీద పండే పంట కాబట్టి అప్పుడు కోత.

కనిగిరి మెట్ట:

మే నెలంటే మాకూ కృత్తిక కార్తేనండీ! మా నాయన క్యాలెండర్ చూసేవాడు కాదు, కార్తెలు చెప్పేవాడు. కృత్తికలో మాకు కోసేదేమీ ఉండదులెండి, రోహిణి ఎండలకి భయపడుతూ కూర్చోవడమే. పెర్సెస్ లాంటి తమ్ముడు మాత్రం మా వీధిలో ముగ్గురున్నారు.

సూళ్ళూరుపేట నుంచి:

రెండు చిన్న చేర్పులు. చంద్రుడి మీద హెలికాన్ అనే గుంట ఉంది. అది ఈ కొండ పేరు మీద కాదు, సిజికస్ ఊరికి చెందిన హెలికాన్ అనే పాతకాలపు ఖగోళ శాస్త్రజ్ఞుడి పేరు మీద. ప్లాస్మాలో, అంటే విద్యుదావేశం ఉన్న వాయువులో, మెలి తిరుగుతూ పోయే ఒక రకం తరంగాలను కూడా హెలికాన్లు అంటారు. వాటితో పనిచేసే రాకెట్ ఇంజిన్ల మీద పరిశోధనలు నడుస్తున్నాయి. ఆ పేరులో ఉన్నది చుట్టే, కొండ కాదు.

బాటనీ మేడమ్, నెల్లూరు:

పూవు సంగతి ఎవరూ ముట్టుకోలేదేంటి? కావలి తమ్ముడూ, నువ్వు స్టేజీ వెనక ఎర్రగా గుచ్చేది నిజానికి పూవు కాదు. అవి రంగు తిరిగిన ఆకుల్లాంటి దొప్పలు, అసలు పూలు వాటి లోపల సన్నగా ఉంటాయి. అందుకే వారం దాకా వాడవు.

మొక్కలకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరం చేసిన లినేయస్ 1753లో అరటిని ‘మూసా’ అన్నాడు. ఆ మాట అరబ్బీ ‘మౌజ్’ నుంచి వచ్చిందంటారు. అగస్టస్ చక్రవర్తి వైద్యుడు ఆంటోనియస్ మూసా పేరు కూడా చెప్తారు. ఏదైనా లాటిన్లో మూసా అంటే మ్యూజ్ అనే వినిపిస్తుంది. అరటి ఆకులాంటి ఆకులతో అమెరికా ఉష్ణదేశాల నుంచి ఈ మొక్క వచ్చేసరికి, 1771లో లినేయసే దానికి హెలికోనియా అని పేరు పెట్టాడు. మూసాకి దగ్గరి మొక్క కదా, మ్యూజ్‌లు ఉండేది హెలికాన్ మీద కదా. పెద్ద పండితుడు వేసిన చిన్న శ్లేష అది. నాకు క్లాసులో పిల్లలు నిద్రపోకుండా ఉండేది ఈ ఒక్క చోటే.

మాస్టారు చెప్తారేమోనని చూశాను గానీ నేనే చెప్పేస్తా. అమరకోశంలో అరటికి కదళి, మోచలతో పాటు రంభ అనే పేరు కూడా ఉంది. అక్కడ పాటల దేవత, ఇక్కడ అప్సరస. అరటిచెట్టుకి రెండు చోట్లా అందగత్తెల పేర్లే దక్కాయి.

మూలాపేట మాస్టారు:

మేడమ్ గారూ, నా నోటి దగ్గర మాట లాక్కున్నారు. ఒప్పుకుంటున్నాను.

కావలి పూలబ్బాయి:

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న ముహూర్తం పని ఉండి ఇటు రాలేకపోయా.

మేడమ్, మీరు చెప్పింది చదివింది పందిట్లో నిలబడే. గేటుకి రెండు పక్కలా అరటిచెట్లు కట్టించి, స్టేజీ వెనక మీరన్న దొప్పలు గుచ్చుతూ ఫోన్ చూశా. ఒక్క పందిట్లో మూసా, హెలికోనియా రెండూ ఉన్నాయి. బాకా ఒక్కటే తక్కువ. దాని బదులు డీజే బాక్సులు మోగుతున్నాయి, ఒకదాని మీద ఒకటి నాలుగు.

రాత్రి ఇంటికొచ్చాక ఒంగోలన్న చెప్పినట్టు చూశా. నోరు పక్కకి తిరిగి ఉంది, మరల్లేవు, ఊడదు. మరీ పెద్దదీ కాదు. తాత రాసింది కరెక్టే, హెలికానే. మాటు రెండు చోట్ల ఉంది, రెండూ మెలిక మీదే. మీటలు మూడు, ఒకటి బిగుసుకుపోయింది. చింతపండు పెట్టి ఒక మూర తోమితే పసుపు రంగు తేలింది, మిగతాది నల్లగానే ఉంది. ఊదే మూతి మాత్రం లేదు. గోనెపట్టా అంతా దులిపినా దొరకలేదు.

బాబాయికి ఈ పేజీ అంతా చదివి వినిపించా. కొండ కథలకి ఏమీ అనలేదు. తమ్ముడితో ఆస్తి తగాదా దగ్గర మాత్రం "ఈ ముక్క ఇంకోసారి చదువు" అన్నాడు. మా నాయనకీ ఆయనకీ ఈ ఇంటి గురించే పదేళ్ళు మాటల్లేవు లెండి. తర్వాత పాత సామాన్లాయనకి తనే ఫోన్ చేసి రావద్దని చెప్పాడు.

రాపూరు పిన్నమ్మ:

మంచి పని చేశారు. ఇంకోటి ఎవరూ గమనించలేదు. పైన మాస్టారు పేరుకి కొండ అన్నారు, మెలిక అన్నారు, ఒంగోలాయన చుట్ట అన్నారు. ఇన్ని పుస్తకాలు తిరగేసి చెప్పిన రెండు ముక్కలూ మీ జేజి ఒక్క మాటలో పెట్టేసింది కదయ్యా, కొండచిలవ అని.

మూలాపేట మాస్టారు:

నేను మూడుసార్లు రాసి కూడా చూడలేదమ్మా. గ్రీకుల కొండచిలవ ఉన్నది పక్క కొండ కింద. పైథాన్ అనే పెద్ద పాముని అపోలో చంపింది పర్నాసస్ కింద డెల్ఫీలోనే. హెలికాన్‌కి లేని పాముని జేజిగారు ఇచ్చారు.

కావలి పూలబ్బాయి:

జేజికి చెప్పా పిన్నమ్మా. వినికిడి తగ్గింది, గట్టిగా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. గ్రీసు దేశంలో కొండ జేజీ, దాని పేరే దీనికి పెట్టారు అంటే, "కొండైతేనేం గుట్టైతేనేం, ఊదే ముందు తలకిందులు చేసి దులుపు, తేళ్ళుంటాయి, మీ తాత దులిపేవాడు" అంది. దులిపితే తేలు లేదు, రెండు గుప్పిళ్ళ మట్టి, ఎలుక కొరికిన దూది రాలాయి.

ఒంగోలన్నా, మూతి ఎక్కడ దొరుకుతుంది? బ్యాండు వాయిద్యాలు చేసే మీరట్ నుంచి తెప్పించాలా?

ఒంగోలు బ్యాండు:

మీరట్ దాకా ఎందుకు, మా దగ్గర పాత మూతి ఒకటి ఉంది, సరిపోతుందో లేదో పెట్టి చూద్దాం. బిగిసిన మీటని నువ్వు లాగొద్దు, కొబ్బరినూనె అసలు పొయ్యొద్దు, జిగురు కడుతుంది. ఆదివారం ముహూర్తాల్లేవు, పొద్దున్నే తీసుకురా. ఆటోలోనో కారులోనో రా అన్నా. బస్సులో అయితే మళ్ళీ టిక్కెట్టు కొడతారు.